జలాశయముపై తొలి ప్రయాణము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పిల్లలకు నీరు క్రొత్తది కాదు. మిర్యాలగూడ చుట్టుప్రక్కల నుండి హుజూర్‌నగర్, కోదాడల వరకు నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు పొలములలో పారుచుండును. కాలువ కట్టమీద సైకిలు తొక్కుచు బడికి పోవు పిల్లలు పెక్కురు గలరు. సూర్యాపేటవారికి మూసీ యున్నది. ఆ మూసీ దిగువకు పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. చెరువులో ఈదినవారు, కాలువలో పశువులను కడిగినవారు, నీటి వంతు కొరకు రాత్రి తండ్రితోడ పొలము గట్టున కాచుకొన్నవారు ప్రతి తరగతిలోను ఉందురు. అయినను నీటిమీద ప్రయాణము చేసినవారిని చేతులెత్తుమన్నచో ఒకటి రెండు చేతులకంటె ఎక్కువ లేవవు.

తాతల కాలమున ఇట్లుండలేదు. అప్పుడు కృష్ణ దాటి అవతలి యొడ్డున నున్న పల్నాటికి పోవలెనన్న పుట్టియో, బల్లకట్టో ఎక్కవలసి వచ్చెడిది. మనుష్యులు, ఎడ్లు, బండ్లు, బస్తాలు అన్నియు ఆ బల్లకట్టుమీదనే. వంతెనలు కట్టిన కొలది బల్లకట్టులు తగ్గినవి. నది దాటుట సులభమైనది గాని నది తెలియుట తగ్గినది. బస్సు కిటికీలోనుండి చూచినవానికి కృష్ణ రెండు నిమిషముల దృశ్యము మాత్రమే.

పనికొరకు గాక వేడుకకొరకు నీటిమీద తిరుగుట అన్నది లోకములో మరీ పాత అలవాటు కాదు. 1891 జనవరిలో జర్మనీ దేశపు ‘అగుస్టా విక్టోరియా’ అను ఓడ శీతకాలమున ప్రయాణికులు లేక ఊరక పడియుండునని తలచి, దాని యజమానులు దానిని మధ్యధరా సముద్రమున విహారయాత్రకు పంపిరి. అట్టి యాత్రలకు అదియే మొదటిదని కొందరు చెప్పుదురు. నేడు వేలకొలది జనమును ఎక్కించుకొని నెలల తరబడి తిరుగు నౌకలున్నవి. 2022 జూన్‌లో అట్టి విహారనౌక యొకటి విశాఖపట్టణపు రేవునుండి కూడ బయలుదేరినది. అయితే మిర్యాలగూడ బాలునకు విశాఖ దూరము. అతనికి దగ్గరనున్నది నాగార్జునసాగరము. అచ్చట లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి పోయి వచ్చుటకు ఒక పూట చాలును. తొలిసారి నీటిమీదికి పోవువానికి అంతకు మించిన బడి లేదు. ఏలయన, ఆ లాంచీ క్రింద నున్న నీరు అతడెరిగిన నీరే; ఆ నీటి క్రింద నున్నది మాత్రము అతడెరుగనిది.

కోదాడనుండి బయలుదేరువారు హుజూర్‌నగర్, నేరేడుచర్లల మీదుగా మిర్యాలగూడ చేరుదురు. అచ్చటినుండి నిడమనూరు, హాలియా, పెద్దవూరల మీదుగా సాగరమునకు బాట. మిర్యాలగూడ దాటువరకు బియ్యపు మిల్లుల గొట్టములు, ఊకగుట్టలు కనబడుచునే యుండును. ఆ మిల్లులన్నియు ఈ నీటి బిడ్డలే యనవచ్చును. కాలువ రాకముందు ఈ నేలలో అధికభాగము జొన్న, ఆముదము, కంది పండించు మెట్ట. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధి సాగరపు కాలువలకు నీరు విడిచిన పిదప ఇది మాగాణి యైనది. ఎడమకాలువకు లాల్‌బహదూర్ కాలువ యనియు, కుడికాలువకు జవహర్ కాలువ యనియు పేర్లు. ఎడమకాలువ తలవద్ద 11,000 క్యూసెక్కుల నీరు పారునట్లు దానిని నిర్మించిరి. ఒక క్యూసెక్కు అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. కావున కాలువ నిండుగా పారునప్పుడు ఒక్క సెకనులో మూడు లక్షల లీటర్ల నీరు తల దాటి పోవుచుండును.

ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. అప్పుడా చోటు పేరు నందికొండ. పునాదినుండి దాని యెత్తు సుమారు 125 మీటర్లు. నడిమి భాగమంతయు రాతికట్టడము. యంత్రములు తక్కువ, చేతులు ఎక్కువగా నున్న కాలమది. సారువలపై వరుసలుగా నిలిచి స్త్రీలును పురుషులును రాళ్లను నెత్తిన మోసి పైకి చేర్చిరి. రాతితో కట్టిన ఆనకట్టలలో లోకమున మిక్కిలి పెద్దవానిలో ఇది యొకటి. దానికి 26 గేట్లు గలవు. నిండినప్పుడు జలాశయపు మట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల యెత్తున నుండును. నీటి విస్తీర్ణము 280 చదరపు కిలోమీటర్లకు పైబడును. వేసవిలో మట్టము ఎనుబది అడుగుల వరకు దిగిపోవుటయు కలదు. అప్పుడు ఒడ్డున నున్న ఎఱ్ఱని చారలను జూచి నీరు ఎంతవరకు నిండెడిదో తెలిసికొనవచ్చును.

ఈ జలాశయము నేడు రెండు రాష్ట్రముల నడుమ నున్నది. ఎడమయొడ్డు తెలంగాణము, కుడియొడ్డు ఆంధ్రప్రదేశము. లాంచీలు నడుపువారు ఇరువైపులను గలరు. కుడియొడ్డున నున్న దక్షిణ విజయపురి రేవునుండి నాగార్జునకొండకు పదునొకండు కిలోమీటర్లు. లాంచీ నెమ్మదిగా నడచును గనుక సుమారు ఒక గంట పట్టును.

రేవులో లాంచీ నిలిచియున్నప్పుడు ఒడ్డునకును దానికిని నడుమ ఒక బల్ల వేయుదురు. తొలిసారి వచ్చినవాడు ఆ బల్లమీద కాలు పెట్టగనే ఒక వింత తెలియును. నేల కదలును! పుట్టిననాటినుండి కాలి క్రింద నేల కదలనిదని నమ్మినవానికి అది చిన్న విషయము కాదు. లాంచీలోనికి దిగినప్పుడు అది అతనివైపు కొంచెము ఒరిగి మరల సరియగును. ధైర్యవంతులైన పెద్దలు కూడ ఆ క్షణమున ప్రక్కవాని భుజము పట్టుకొందురు. అందులో సిగ్గుపడవలసినది లేదు. అయితే అది ఎందుకు ఒరిగెను, ఎందుకు మరల నిలిచెను అని అడుగువాడు మాత్రము భయమును త్వరగా మరచిపోవును.

ఇంటిలో ఒక గంగాళము నిండ నీరు పోసి దానిలో ఇత్తడి చెంబును నిలువుగా విడువుడు. అది తేలును. అదే చెంబును పండబెట్టి నీరు నింపినచో బుడుంగున మునుగును. ఇత్తడి మారలేదు, బరువు మారలేదు. మారినదేమి? తేలుచున్న చెంబు తన ఖాళీ కడుపుతో కొంత నీటిని ప్రక్కకు నెట్టి, ఆ చోటును తానాక్రమించుకొన్నది. నెట్టబడిన నీటి బరువు ఎంతయో అంత బలముతో నీరు దానిని పైకి నెట్టును. ఈ సంగతిని రెండువేల యేండ్లకు పైబడి క్రిందట సిసిలీ ద్వీపమున నుండిన ఆర్కిమిడీసు కనిపెట్టెను. వందల మణుగుల ఇనుముతో చేసిన లాంచీ తేలుటయు ఇందుచేతనే. ఇనుప ముద్ద మునుగును. ఇనుప తొట్టి తేలును.

ఇప్పుడు జనము ఎక్కిరి. ఒక్కొక్కరి బరువు సగటున 50 కిలోలు అనుకొన్నచో ఎనుబదిమందికి 4,000 కిలోలు. అంత బరువు మోయుటకు లాంచీ మరి 4,000 లీటర్ల నీటిని, అనగా నాలుగు ఘనపు మీటర్ల నీటిని ప్రక్కకు నెట్టవలెను. నీటిమట్టము వద్ద లాంచీ వైశాల్యము 50 చదరపు మీటర్లు అనుకొందము. అప్పుడది ఎనిమిది సెంటీమీటర్లు మాత్రమే క్రిందికి దిగును. ఒక బెత్తెడుకంటె ఎక్కువ లేదు. ఇది విన్న బాలుడు, “అయినచో ఇంక వందమందిని ఎక్కించినను ఏమి?” అని అడుగవచ్చును. ఈ లెక్కలో దాగియున్న మోసము అచ్చటనే యున్నది. బరువు ఎంత యన్నది సగము ప్రశ్న. ఆ బరువు ఎచ్చట నున్నది యన్నది మిగిలిన సగము.

లాంచీ ఒకవైపు ఒరిగినప్పుడు ఆ వైపు ఎక్కువ నీటిని నెట్టును గనుక, నీరు ఆ వైపునే ఎక్కువగా పైకి నెట్టి దానిని సరిచేయును. జనము క్రింది అంతస్తున సమముగా కూర్చున్నంతవరకు ఈ సర్దుబాటు చక్కగా జరుగును. అందరును పై అంతస్తునకు ఎక్కినచో బరువంతయు పైకి చేరి, లాంచీ నెత్తిన కడవల దొంతరతో నడచు మనుష్యునివలె తూలును. కుడివైపున ఏదియో మొసలి కనబడెనని ఒకడు కేక వేయగా అందరును కుడివైపునకు పరుగెత్తినచో అంచు నీటికి దిగును. అంచు మునిగి నీరు లోనికి వచ్చినదా, చెంబు కథయే. అందుచేతనే లాంచీవారు “కూర్చోండి, లేవకండి” అని మాటిమాటికి అరచుచుందురు. కొందరికది విసుగు పుట్టించును గాని ఆ మాట వెనుక నున్నది లెక్కయే.

ఓడకు ఎంత బరువు తగునో దాని ఒంటిమీదనే గీత గీయుట మంచి యుపాయము. ఆ గీత నీట మునిగినచో బరువు మించినదని ఒడ్డున నున్న పిల్లవాడు కూడ చెప్పగలడు. ఇంగ్లండులో కొందరు యజమానులు పాతబడిన ఓడలలో మితిమీరి సరకు నింపి పంపగా నావికులు మునిగిపోవుచుండిరి. శామ్యూలు ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుడు యేండ్ల తరబడి పోరాడి, 1876లో ఆ గీతను చట్టముచేత తప్పనిసరి చేయించెను. నేటికిని ఆ గీత అతని పేరనే వాడుకలో నున్నది. మన దేశపు నదులలోను జలాశయములలోను తిరుగు నావలకు 1917 నాటి పాత చట్టము స్థానమున 2021లో క్రొత్త చట్టము వచ్చినది. దాని ప్రకారము యంత్రముతో నడుచు నావను నమోదు చేయించి, పరీక్ష చేయించి, యోగ్యతాపత్రము పొందవలెను.

అన్నిటికంటె మొదట లాంచీలో చేతికిచ్చు వస్తువు నారింజరంగు రక్షణ చొక్కా. తొలిసారి వచ్చినవారిలో సగముమంది దానిని మెడలో వేసికొని పట్టీలు కట్టకుండ విడుతురు. ఫోటోలో బట్టలు కనబడవని విప్పి ఒడిలో పెట్టుకొనువారును గలరు. దానిలో నున్నది తేలికయైన నురుగు పలకలు. మనుష్యుని శరీరము నీటికంటె ఇంచుమించు సమానమైన సాంద్రత గలది. ఊపిరి బిగించినచో తేలును, విడిచినచో మునుగును. తేలినను నడినెత్తి మాత్రమే పైకి వచ్చును. ముక్కు, నోరు నీటిలోనే యుండును. నురుగు పలకల అదనపు బలము ముఖమును నీటిపైకి తెచ్చును. పట్టీలు కట్టనిచో నీటిలో పడిన క్షణముననే చొక్కా తలమీదుగా పైకి జారి తాను తేలును, మనిషిని తేల్చదు. పెద్దల చొక్కా పిల్లలకు తొడిగినను ఇదియే జరుగును.

ఈత వచ్చినవానికి చొక్కా యెందుకని అడుగువారున్నారు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపమున కృష్ణా గోదావరుల పవిత్రసంగమము వద్ద విహారపు పడవ యొకటి తిరుగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. నది వరదలో నుండెను. యాభైమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. పడవ అడుగున బురదలో దిగబడిపోయినది. కాకినాడనుండి వచ్చిన బృందము ఇనుప తాళ్లతోను లంగరులతోను రోజుల తరబడి శ్రమించి అక్టోబరు 22న దానిని బయటికి తీసెను. వరద నీటిలో ఈతగాడు కూడ దిక్కు తెలియక సుడిలో చిక్కుకొనును. తిరుగబడిన పడవ క్రింద చీకటిలో నుండువానికి పైయేదో క్రిందేదో తెలియదు.

పెద్ద ఓడలకు కూడ ఈ పాఠము చౌకగా దొరకలేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండను తాకి మునిగినప్పుడు అందులో 2,200 మంది యుండగా, ప్రాణరక్షక పడవలు 20 మాత్రమే యుండెను. అవి అన్నియు నిండినను సగముమందికే చోటు. సుమారు 1,500 మంది మరణించిరి. దానికి రెండేండ్లకు, 1914లో, కొన్ని దేశములు కూడి సముద్రముపై ప్రాణరక్షణకు ఒక ఒప్పందము వ్రాసికొన్నవి. వంద యేండ్లు గడచినను లోపములు మిగిలియే యుండెను. 2012 జనవరి 13న ఇటలీ తీరమున కోస్టా కంకార్డియా అను విహారనౌక బండను రాచుకొని ఒరిగినది. 32 మంది చనిపోయిరి. ఆనాడే ఎక్కిన ప్రయాణికులకు ఆపదలో ఎచ్చటికి పోవలెనో ఇంకను చూపనే లేదు. పాత నియమము ప్రకారము ఎక్కిన పిదప ఇరువదినాలుగు గంటలలోగా చూపినచో చాలును. ఆ దుర్ఘటన తరువాత నియమము మారినది. 2015 నుండి రేవు విడువకముందే, లేదా విడిచిన వెంటనే చూపితీరవలెను. సాగరపు లాంచీలో సరంగు చొక్కాలు కట్టుకొండని గద్దించుటకును, మహానౌకలో గంట మ్రోగించి అందరిని వరుసలో నిలుపుటకును మూలమొక్కటే.

అందరును కూర్చున్న పిదప బల్ల తీసివేయుదురు; తాడు విప్పుదురు. లాంచీ ముందు కొసను అణియమనియు, వెనుక కొసను అమరమనియు నావికులు పిలుతురు. అమరము క్రింద నీటిలో ఇంజనుచే తిరుగు రెక్కల చక్రమును, దాని వెనుక చుక్కానియు ఉండును. రెక్కలు నీటిని వెనుకకు నెట్టును; నీరు లాంచీని ముందుకు నెట్టును. చుక్కానిని ఒక ప్రక్కకు త్రిప్పినచో వెనుకకు పోవు నీరు దానికి తగిలి అమరమును రెండవ ప్రక్కకు త్రోయును. అందుచేత లాంచీ మలుపు తిరుగునప్పుడు ముక్కు కంటె తోకయే ఎక్కువ కదలును. బస్సునకు వలె దీనికి బ్రేకు లేదు. ఆపవలెనన్న రెక్కలను వెనుకకు త్రిప్పవలెను. అప్పుడును కొంత దూరము జారియే ఆగును. ఇది యెరిగిన సరంగు రేవు ఇంకను దూరముండగనే వేగము తగ్గించును. తెలియనివారు అతనిని మందకొడి యందురు.

ఒడ్డు విడిచిన పది నిమిషములకు మాటలు తగ్గును. చుట్టును నల్లమల కొండలు, నడుమ పలుచని అలలు. తూర్పుగాలి గాని పడమటిగాలి గాని అడ్డు లేక ఎంత దూరము నీటిమీద వీచునో అంత పెద్ద అల లేచును. అందుచే చెరువులో లేవని అల జలాశయమున లేచును. జలాశయమున లేవనిది సముద్రమున లేచును. సముద్రముపై తొలిసారి పోవువారికి కడుపు త్రిప్పుట సాధారణము. చెవి లోపల శరీరపు తూకము తెలుపు అవయవము కదలుచున్నామని చెప్పును. ఎదుట నున్న గోడను చూచుచున్న కన్ను కదలుట లేదని చెప్పును. రెండు సాక్ష్యములు కలియక మెదడు తికమక పడును. దూరమున నీరు ఆకాశము కలియు గీతను చూచుచున్నచో కన్నును చెవితో ఏకీభవించును. సాగరములో ఈ బాధ అరుదు. గాలి బలముగా వీచిన దినమున, వరద వచ్చిన దినమున, నీరు బాగుగా తగ్గిన దినమున లాంచీలను ఆపివేయుదురు. దూరమునుండి వచ్చినవారు అప్పుడు నిరాశపడుదురు గాని ఆపినవారే సరియైనవారు.

లాంచీ నడిమికి చేరునప్పటికి దాని క్రింద ఒక నగరమున్నది.

కృష్ణ ఒకవైపున, నల్లమల మూడువైపుల కాపుగా నున్న ఈ లోయలో క్రీస్తు శకము 3, 4 శతాబ్దములలో విజయపురి అను రాజధాని వెలసియుండెను. శాతవాహనుల తరువాత ఈ దేశమును ఏలిన ఇక్ష్వాకు రాజుల నగరమది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కుమారుడు వీరపురుషదత్తుడు, పిదప ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఏలిరి. రాజులు యజ్ఞములు చేసిరి. వారి యింటి స్త్రీలు బౌద్ధ విహారములు కట్టించిరి. ఒకే యింట రెండు మతములు తగవు లేక యుండుట ఇచ్చట రాతిమీద చెక్కబడి యున్నది. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు గొప్ప దానము చేసెను. బోధిసిరి యను ఉపాసిక సింహళపు భిక్షువులకొరకు చైత్యమును కట్టించి, వారు కాశ్మీర, గాంధార, చీనా దేశములవారికి ధర్మము తెలిపినవారని శాసనము వ్రాయించెను. రోము చక్రవర్తుల బంగారు నాణెములు కూడ ఈ లోయలో దొరకినవి. ఓడలెక్కి సముద్రములు దాటినవారి రాకపోకలు ఆ కాలముననే ఈ మారుమూల లోయకు చేరినవి. సూర్యాపేటవారు ఇది ఎచ్చటిదో దూరపు కథ యనుకొనరాదు. వారికి చేరువనున్న ఫణిగిరి కొండమీది బౌద్ధక్షేత్రమున కూడ రుద్రపురుషదత్తుని శాసనము దొరకినది.

ఆ నగరము పాడుపడి, మట్టి కప్పి, అడవి పెరిగి, పేరు కూడ మరుగుపడినది. 1926లో పురావస్తుశాఖకు చెందిన రంగస్వామి సరస్వతి ఈ లోయలోని శిథిలములను కనుగొనెను. మరుసటి యేడునుండి లాంగ్‌హర్‌స్ట్ అను ఆంగ్లేయుడు త్రవ్వించి స్తూపములను, విహారములను, శిల్పములను వెలికి తీసెను. లోకము చూచుటకు ఇంకను వచ్చుచుండగనే ఆనకట్ట సంగతి తేలినది. నందికొండ వద్ద కట్ట కట్టినచో ఈ లోయ మునుగును. కట్టనిచో లక్షల యెకరముల మెట్ట యెండుచునే యుండును. ఆ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి వచ్చినది. నీటినే ఎన్నుకొనిరి.

అయితే నగరమును చెప్పాపెట్టక ముంచలేదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున పురావస్తుశాఖవారు లోయనంతటిని అడుగడుగున త్రవ్విరి. గడువు ముందే తెలిసిన త్రవ్వకమది. ప్రతి యేటను ఆనకట్ట యెత్తు పెరుగుచుండగా అచ్చట గునపములు ఆడుచుండెను. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు గుడులవరకు బయటపడినవి. ముప్పదికి పైగా బౌద్ధ కట్టడములు, అశ్వమేధ యాగశాల, ఏటి యొడ్డున రాతి స్నానఘట్టము, చుట్టును మెట్లు గల క్రీడారంగము కనబడినవి. వానిలో తొమ్మిదింటిని రాయి రాయిగా విప్పి, ఎత్తైన చోటికి చేర్చి మరల కట్టిరి. మరి పదునాలుగింటికి నమూనాలు చేసిరి. ఇవి నాగార్జునకొండమీదను, కుడియొడ్డున నున్న అనుపు వద్దను ఉన్నవి. మిగిలినదంతయు నీటి క్రిందనే.

లోయలో ప్రాచీన నగరమొక్కటే గాక బ్రదికియున్న పల్లెలును ఉండెను. వారికి చైత్యములవలె సంఖ్యలు వేసి రాళ్లను మోసికొనిపోవు ఏర్పాటు లేదు. ఇండ్లను విడిచి, పొలములను విడిచి, పెద్దల సమాధులను విడిచి పైకి పోయిరి. మిర్యాలగూడ పొలములలో పండిన మొదటి వరిలో వారి వంతు ఎంత యున్నదో ఏ లెక్కల పుస్తకమును చెప్పదు. చరిత్రకారులు విజయపురి గూర్చి వ్రాసినంతగా ఆ పల్లెల గూర్చి వ్రాయలేదు. ఇది లోటే.

లాంచీ వేగము తగ్గించి దీవి రేవునకు చేరును. దీవి యని పేరే గాని ఇది కొండశిఖరము. ఆచార్య నాగార్జునుడు ఇచ్చట నివసించెనని ప్రతీతి. కొండకు ఆ పేరు అందుచే వచ్చినది. పూర్వము దీనిమీద మధ్యయుగపు కోట యుండెను. లోయలోనుండి పైకి చూచినవారికి అది మెడ నొప్పిపుట్టు ఎత్తు. నేడు నాలుగడుగులు వేసినచో శిఖరము. మ్యూజియములో పాలరాతివలె మెరయు సున్నపురాతి ఫలకములున్నవి. వానిమీద బుద్ధుని జాతకకథలును, రాజులును, దంపతులును, చిన్ని చిన్ని గుఱ్ఱములును చెక్కబడి యున్నవి. తొందరపడి చూచువారు పెద్ద విగ్రహమువద్ద నిలిచి ఫలకములను వదలివేయుదురు. నిజమునకు ఆనాటివారు ఎట్టి బట్ట కట్టిరో, ఎట్టి మంచముమీద కూర్చుండిరో ఫలకములే చెప్పును.

బయట తిరిగి కట్టిన స్తూపముల అడుగుభాగములు గలవు. కొన్నిటి పునాది బండిచక్రమువలె నుండును. నడుమ కుంభి, దానినుండి ఆకులవలె ఇటుక గోడలు, వెలుపల గుండ్రని అంచు. ఆకుల నడుమ మట్టి నింపిరి. అంత పెద్ద గుండ్రని కట్టడమును మొత్తము ఇటుకతో నింపకుండ తక్కువ ఖర్చున గట్టిగా నిలుపు యుక్తి యది. బండిచక్రము చేయు వడ్రంగి దీనిని చూచినచో ఒక్క క్షణములో గ్రహించును. మరికొన్ని స్తూపముల గర్భమున ఇటుకలు స్వస్తికాకారమున నున్నవి. స్నానఘట్టమును కూడ ఏటి యొడ్డునుండి ఇచ్చటికి తెచ్చి నిలిపిరి. పదునేడు వందల యేండ్ల క్రిందట కృష్ణలో మునుగుటకు దిగిన మెట్లవి. నేడవి కొండమీద నున్నవి. కృష్ణయే వానిని వెదకికొనుచు పైకి వచ్చినట్లున్నది.

దీవిలో ఎంతసేపు ఉండవచ్చునో సరంగు దిగునప్పుడే చెప్పును. ఆ వేళ మరచి చెట్టు నీడన అన్నపు గిన్నెలు విప్పినవారికొరకు కూత మ్రోగును. తిరుగు ప్రయాణమున పిల్లలు ఎక్కుటలో తడబాటు ఉండదు. బల్లమీద నడుచునప్పుడు ఎవరిని పట్టుకొనరు, చొక్కా పట్టీలు తామే బిగించుకొందురు. లాంచీ ఒరిగినప్పుడు చిన్నవాడొకడు ప్రక్కవానితో “ఇప్పుడు మనవైపు నీరు ఎక్కువ నెట్టుచున్నది” అని కూడ అనును. ఎండ వాలినకొలది కొండల నీడలు నీటిమీదికి సాగును. ఎదుట ఆనకట్ట ఒక సన్నని గీతగా కనబడి, మెల్లగా గోడయై, గేట్లు లెక్కపెట్టుటకు వీలగును. దానికి ఎడమవైపున కాలువ తల యున్నది. లాంచీ క్రిందినుండి జారిన నీరు ఆ తలలో దూరి నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల పొలములవైపు పోవుచుండును. బస్సు కూడ ఆ దిక్కునకే పోవును. నీటికంటె చాల ముందుగా చేరును.